దొరువు మీద మూత

నాకు నీళ్ళ దగ్గర పట్టింపు ఎక్కువ. భవానీపురంలో కర్రీ పాయింట్ నడుపుతున్నదాన్ని, పట్టింపు లేకపోతే ఎలా? కూరలో కారం ఎక్కువైతే ఆ ఒక్కపూటే తిట్టుకుంటారు. నీళ్ళు తేడా వస్తే వీధి వీధంతా నా కొట్టు మొహం చూడదు. అందుకే పెళ్ళికి వెళ్ళినా చావుకి వెళ్ళినా నా చేతిసంచిలో నా నీళ్ళ సీసా ఉండాల్సిందే. కృష్ణ ఒడ్డున కాపురం పెట్టి క్యాను నీళ్ళు తాగే మనిషివి నువ్వొక్కదానివే అని మా ఆయన వెక్కిరిస్తాడు. ఊళ్ళో సగంమంది అదే పని చేస్తున్నారని ఆయనకీ తెలుసు. ఆ పట్టింపు ఎక్కడికి తెచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. చెప్పుకుంటే సిగ్గుచేటు. చెప్పకుండా కడుపులో దాచుకోవడం ఇంకా కష్టంగా ఉంది.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అమ్మకి అక్క, మా పెద్దమ్మ, నన్ను పెంచింది. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల, ఒకవైపు మడ అడవి, ఒకవైపు సముద్రం, మధ్యన ఇసుకదిబ్బ. ఆ దిబ్బ మీద ముప్ఫై గడపల పేట మాది. మగవాళ్ళు వేటకి వెళ్తారు, ఆడవాళ్ళు చేపలూ పీతలూ అమ్ముతారు. ఎటు చూసినా ఉప్పునీళ్ళే అయినా దిబ్బ లోపల మాత్రం తియ్యటి నీళ్ళుండేవి. వానాకాలంలో పడ్డ నీళ్ళని ఇసుక పీల్చుకుని దాచిపెట్టేది. వాటి కింద మళ్ళీ ఉప్పునీళ్ళే. మంచినీళ్ళు తేలిక కాబట్టి, పాలమీద మీగడలా, ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. ఆ మీగడ వరకే తీసుకోవడానికి మావాళ్ళు ఇసుకలో మొలలోతు గొయ్యి తవ్వేవాళ్ళు. దాన్నే దొరువు అంటాం.

దొరువుకి కట్టుబాట్లుండేవి. మొలలోతు దాటి తవ్వకూడదు. చేద వెయ్యకూడదు. కర్రకి కట్టిన కొబ్బరిచిప్పతో పైపైన తోడి బిందెలో పోసుకోవాలి. ఊరిన నీళ్ళు అయిపోతే మళ్ళీ ఊరేదాకా కూర్చోవాలి. మా చిన్నప్పటి కబుర్లన్నీ అక్కడ కూర్చుని చెప్పుకున్నవే. అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఇంకొకటుంది. దొరువుకి మూడు పక్కలా తాటిపట్టెలు పాతి ఇసుక జారకుండా ఆపేవాళ్ళు. నాలుగో పక్క, అంటే మడ అడవి వైపు, ఏటవాలుగా వదిలేసేవాళ్ళు. అది నక్క దారి.

ఎగతాళికి అనడం లేదు, నిజంగా నక్క కోసమే. పొద్దుగూకే ముందు పెద్దమ్మ తాటిమట్టతో ఆ ఏటవాలు ఇసుకని సాపు చేసేది. తెల్లారి అందరికన్నా ముందు వెళ్ళి వంగి చూసేది. వేలిముద్ర తప్ప సంతకం ఎరగని మనిషి, ఆ ఇసుకని మాత్రం గడగడా చదివేది.

"ఇదుగో, నక్క. ఇది ముంగిస, తోక ఈడ్చుకుంటా పోయింది సూడు. ఇయ్యి సెవులపిల్లి కాళ్ళు. నీళ్ళకాడ ముందుకాళ్ళు లోతుగా దిగినయ్యంటే వొంగి తాగినట్టు. అయ్యి తాగినయ్యి, మనవూ తాగొచ్చు."

నాకు పదేళ్ళప్పుడనుకుంటాను, ఒక తుఫాను వెళ్ళిన కొన్నాళ్ళకి అడుగులు నీళ్ళదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాయి. పెద్దమ్మ చిప్పతో తోడి నోట్లో పోసుకుంది. "మన నాలిక్కి ఇంకా తెలవట్లేదు. నక్కకి తెలిసింది" అని, ఆ పూటే ఆ దొరువుని ఇసుకతో పూడ్చేయించి, దిబ్బ మీద ఇంకా ఎత్తున వేరేది తవ్వించింది. పక్క దొరువువాళ్ళు నవ్వారు. పది రోజులు తిరక్కుండా వాళ్ళే బిందెలు పట్టుకుని మా దొరువు దగ్గరికి వచ్చారు. అప్పట్నుంచీ పేటలో నీళ్ళ విషయంలో పెద్దమ్మ మాటే మాట.

నాకు పెళ్ళయి బెజవాడ వచ్చేశాను. వీధికుళాయి, ఇంటికుళాయి, క్యాను, ఇలా ఒక్కో మెట్టూ ఎక్కాను. ఎక్కేకొద్దీ నాకు దొరువు తలుచుకుంటే ఒళ్ళు జలదరించేది. నక్క ఎంగిలి చేసిన నీళ్ళు తాగి పెరిగానని నా కొట్టుకొచ్చేవాళ్ళకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? పేటకి వెళ్ళినప్పుడు నా సీసా నీళ్ళే తాగేదాన్ని. పెద్దమ్మ నా కోసం చెంబుతో తెచ్చిన నీళ్ళు తనే తాగేసి వెళ్ళేది.

పెద్దమ్మకి లేకలేక పుట్టిన కొడుకు ఒకడు, నాకు తమ్ముడు వరస. వాడికి పెళ్ళై ఆరేళ్ళయినా పిల్లల్లేరు. మూడేళ్ళ కిందట పెద్దమ్మ దొరువు దగ్గర వంగబోయి జారి మోకాలు దెబ్బ తగిలించుకుంది. నీళ్ళ మోత మొత్తం మా మరదలి నెత్తిన పడింది. రోజూ అన్నేసి బిందెలు మోస్తే కడుపేం నిలుస్తుందని ఎవరో అన్నారు. నేను చూడబోయిన రోజున ఆ పిల్ల నడుం పట్టుకుని గుంజకి ఆనుకుని ఉంది. అక్కడికక్కడే నిర్ణయం చేసేశాను. నిర్ణయాలు చెయ్యడంలో నాకు నేనే సాటి.

"పెద్దమ్మా, ఎన్నాళ్ళు ఈ నక్క ఎంగిలి? దొరువుకి సిమెంటు వరలు దింపిద్దాం. మోటారు పెడదాం. ఖర్చు నాది. నువ్వు వంగక్కర్లేదు, నీ కోడలు మొయ్యక్కర్లేదు."

"మొలలోతుకి మోటారెందుకే?"

"మొలలోతు ఎందుకుంటుంది, తవ్విస్తాంగా."

రేవు అవతలినుంచి నూతులు తవ్వే మనుషుల్ని పిలిపించాను. పెద్దమ్మ గడప దాటి వచ్చి ఇసుకలో చతికిలపడి చూస్తూ కూర్చుంది. ఒక వర దిగింది, రెండోది దిగింది. మూడోది దింపుతుంటే తెల్ల ఇసుక పోయి బూడిదరంగు ఇసుక, అందులో పగిలిన గుల్లలు పడ్డాయి. పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఆపండయ్యా. సాలు. గుల్ల తగిలింది, దీని కింద ఉప్పునీళ్ళే."

తవ్వేవాళ్ళు నా మొహం చూశారు. నీళ్ళు చీలమండ దాకా వచ్చాయి అప్పటికే. కానీ మోటారు నడవాలంటే ఇంకా లోతు ఉంటే మంచిదని వాళ్ళే పొద్దున అన్నారు. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, కూరగాయల బేరం ఆడినంత తేలిగ్గా అన్నాను. "ఇంకొక్క వర వెయ్యండి."

ఆ వర కూడా దిగింది. పైన రొమ్మెత్తు గట్టు కట్టించాను. నక్క కాదు కదా, బల్లి కూడా దూరకుండా రేకుమూత చేయించాను. ఆ పక్కనే దిమ్మె కట్టి నల్ల ట్యాంకు పెట్టించి, నాలుగేసి ఇళ్ళకి ఒక కుళాయి బిగించాం. మొదటిరోజు మోటారు వేస్తే ధారగా నీళ్ళు దూకాయి. గంట నడిచినా తగ్గలేదు. పేటవాళ్ళు గంగమ్మని తెచ్చావమ్మా అంటూ నాకు జాకెట్టుముక్క, పసుపుకుంకాలు పెట్టారు. నేను ఉబ్బి తబ్బిబ్బయిపోయాను. ఆ నీళ్ళు తాగి చూడమని మరదలు గ్లాసు ఇస్తే, ముందు పెద్దవాళ్ళు తాగాలని పెద్దమ్మకి ఇచ్చేశాను. తాగి, "బాగున్నయ్యే" అంది. ఆరోజు నిజంగానే బాగుండి ఉంటాయి.

నాలుగైదు నెలలకి వెళ్తే పేట రూపు మారిపోయింది. వలలు ఉప్పునీళ్ళలో జాడించి ఆరేసేవాళ్ళల్లా ఇప్పుడు కుళాయికింద ఉతుకుతున్నారు. ఒకాయన పీతల పెట్టెలు కడగడానికి గొట్టం లాక్కున్నాడు. పిల్లలు కుళాయి తిప్పి వదిలేసి ఆడుకుంటున్నారు. కసురుకునేవాళ్ళు లేరు, ఎందుకంటే అయిపోవడమంటూ లేదు. చిప్పతో తోడుకున్న కాలంలో ఒక్క బిందె కోసం అరగంట కూర్చున్న మనుషులే వీళ్ళు.

"అడక్కుండా ఇస్తా ఉంటే నాకు బయ్యంగా ఉందే" అంది పెద్దమ్మ.

"నీకు ఇస్తే భయం, ఇవ్వకపోతే భయం" అని నవ్వేశాను.

మోకాలి వల్ల తను ఇంటిపట్టునే ఉంటోంది. చదవడానికి అక్కడ ఏటవాలూ లేదు. దొరువు చుట్టూ గులకరాళ్ళు పరిపించాను కదా, శుభ్రంగా ఉంది. పురుగూ పుట్రా అడుగు కూడా కనపడటం లేదని నేనే తమ్ముడికి చూపించి గొప్ప చెప్పుకున్నాను.

ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంది. కనిపించిన ప్రతిదానికీ ఒక సమాధానం మా దగ్గర తయారుగా ఉంది. టీ పెడితే పాలు విరిగిపోతున్నాయి. పాలవాడు మోసం చేస్తున్నాడన్నారు. తలంటుకుంటే సబ్బు నురగ రావడం లేదు. సబ్బు నాసిరకమన్నాను. తొలకరి పడిన రాత్రి కప్పలు చెవులు చిల్లులు పడేలా అరిచే చోట ఒక్క గొంతూ లేదు. హాయిగా నిద్రపట్టిందని తెల్లారి చెప్పుకున్నాం. దొరువు దగ్గరి సరుగుడు మొక్కల కొసలు ఎర్రబారితే ఎండదెబ్బ అన్నాడు తమ్ముడు.

బస్సులో వెళ్తుంటే మాత్రం కిటికీలోంచి అన్నీ కనిపించేవి. కూచిపూడి దాటి, చల్లపల్లి దాటి, అవనిగడ్డ దిగువకి వెళ్ళేకొద్దీ వరిచేలు తగ్గి రొయ్యల చెరువులు. చెరువుల మీద కొంగలు వాలకుండా తీగలు. ఒకప్పుడు పచ్చగా ఉన్న చోట తెల్లటి ఉప్పుపొర. మా దిబ్బ అవతలి చివర కూడా సగం తవ్వి ట్రాక్టర్ల మీద తోలేశారు ఎవరో. ఆ దిబ్బే మా నీళ్ళ కుండ అని నాకు తెలియక కాదు. ఈ నేరం మొత్తం వాళ్ళమీద తోసేస్తే నాకు కొంచెం నిద్ర పడుతుంది. తోయడానికి చాలాసార్లు ప్రయత్నించాను కూడా. కానీ నాలుగో వర దింపించింది వాళ్ళు కాదు.

పోయిన ఏడు మరదలు నీళ్ళోసుకుంది. ఎన్నేళ్ళకో నిలిచిన కడుపు. పెద్దమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "మోతబరువు తప్పించావు, అందుకే నిలిచింది. నీ పుణ్యమే" అని ఫోన్లో ఏడ్చింది. ఐదో నెలలో స్వీట్లు పట్టుకుని వెళ్ళాను. మరదలు మట్టగిడస చేపల పులుసు పెట్టింది. ఎంత కుదిరిందంటే, నా చేతికింద ఉన్న ముగ్గురు వంటవాళ్ళని తీసేసి ఈ పిల్లని పెట్టుకుందామనిపించింది.

"ఉప్పు సరిగ్గా తూచినట్టు వేశావే."

"ఉప్పు వెయ్యలేదు వదినా" అంది సిగ్గుపడుతూ. "ఈమజ్జ ఎయ్యకుండానే సరిపోతంది. అన్నంలో కూడా ఎయ్యట్లేదు."

"చేతిలోనే ఉప్పుందన్నమాట నీకు" అన్నాను. అందరం నవ్వాం. రోజుకి నూట యాభై మందికి వండే దాన్ని నేను. ఉప్పు వెయ్యని కూరలో ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందని నాకు అనుమానం రాలేదు. చెయ్యి కడుక్కుని నా సీసా నీళ్ళు తాగాను.

ఆరో నెలలో మరదలికి కాళ్ళు ఉబ్బాయని తమ్ముడు ఫోన్ చేశాడు. బిడ్డ నీరు అది, మామూలే అంది పెద్దమ్మ. పరీక్షకి వచ్చిన నర్సు బీపీ కొద్దిగా ఎక్కువుంది, ఉప్పు తగ్గించమని చెప్పి వెళ్ళిందట. "నేను అసలు ఉప్పే తినట్లేదండీ" అని ఈ పిల్ల నిజమే చెప్పింది. నర్సు మాత్రం ఇంకేం అడుగుతుంది? నీళ్ళు బాగా తాగమంది. ఈ పిల్ల బుద్ధిగా బాగా తాగింది.

ఏడో నెలలో, వారం రోజులు కొట్టు మా ఆయనకి అప్పగించి, సీమంతానికి సూడిదల సామాను పట్టుకుని వెళ్ళాను. మరదలి మొహం ఉబ్బిపోయి ఉంది. కళ్ళకింద సంచులు, చేతి గాజులు చర్మంలోకి దిగి ఉన్నాయి. తలనొప్పి అంటోంది. ఎంత తాగినా దాహం తీరడం లేదంటోంది. రేపే బెజవాడ తీసుకెళ్తానని చెప్పి పడుకున్నాను.

తెల్లారుజామున మెలకువ వచ్చి బయటికి వెళ్ళాను. ట్యాంకు నిండి పొర్లి, దిమ్మె వెనక ఇసుకలో చేటంత మడుగు కట్టి ఉంది. అటువైపు గులకరాళ్ళు లేవు. మడ అడవి వైపునుంచి ఆ మడుగు దాకా అడుగులు. నక్కవే. చిన్నప్పుడు చూసిన అడుగులు మర్చిపోతామా? మడుగుకి జానెడు దూరంలో ఆగాయి. ముందుకాళ్ళు దిగలేదు. పక్కకి తిరిగి, మడుగు చుట్టూ ఒక సగం చుట్టు తిరిగి, వెనక్కి వెళ్ళిపోయాయి. వాటి కింద పాతబడ్డ అడుగులున్నాయి. అవీ అలాగే వచ్చి అలాగే వెళ్ళాయి. ముంగిసది కూడా అంతే. ఎన్ని రాత్రులు వచ్చి ఎన్నిసార్లు తిరిగిపోయాయో, ఆ మడుగు చుట్టూ జానెడు మేర ఇసుక మాత్రం ఎవరూ తొక్కనిది తొక్కనట్టే ఉంది.

పెద్దమ్మని లేపి, కర్ర అందించి, నడిపించుకుని తెచ్చాను. ఆమె చాలాసేపు వంగి చూసింది. మోకాలు నొప్పి అని కూడా అనలేదు.

"ఎన్నాళ్ళనించే ఇట్టా?" అంది. నన్ను అడగడం కాదు అది. "మూతేసిన కాణ్ణించీ నేను సూడలేదు. నాకు సూడ్డానికేవుంది అక్కడ?"

కుళాయి తిప్పి దోసిట్లో పట్టి తాగింది. ఆలోచించింది. మళ్ళీ తాగింది. మూడోసారి కూడా తాగి, తప్పు చేసిన పిల్లలా నా మొహంలోకి చూసింది. "బానే ఉన్నయ్ గదే?"

అప్పుడు నేను తాగాను. మోటారు బిగించిన ఇన్నాళ్ళలో, నేను ఇచ్చిన నీళ్ళు నేను నోట్లో పోసుకోవడం అదే మొదలు. ఉప్పు. సముద్రమంత కాదు. ఇడ్లీ పిండిలో ఎంత వేస్తామో అంత. వేరే ఊరివాళ్ళు ఎవరు తాగినా తుపుక్కున ఉమ్మేస్తారు. రోజుకింత చొప్పున, ఎవరికీ తెలియనంత నెమ్మదిగా అది పైకి ఎక్కుతూ ఉంటే, వీళ్ళ నాలుకలు కూడా దాంతోపాటే ఎక్కాయి. ముందుగా చెప్పాల్సిన జంతువులకి దారి మూసేసింది నేను. చెప్పగలిగిన నా నాలుకని సీసాలో పెట్టుకుని తిరిగిందీ నేనే.

మేమిద్దరం అలా నిలబడి ఉండగానే మరదలు చెంబు పట్టుకుని వచ్చింది. "తల పగిలిపోతంది వదినా" అంటూ కుళాయి తిప్పి, నింపుకుని, గటగటా ఎత్తింది. పెద్దమ్మ కర్రతో ఆ చెంబుని కొట్టింది. చెంబు ఎగిరి దిమ్మెకి తగిలి దొర్లింది. ఆ పిల్ల బిత్తరపోయి ఏడవడం మొదలెట్టింది. కళ్ళముందు మెరుపులు మెరుపులుగా కనపడుతున్నాయని ఏడుస్తూనే చెప్పింది.

పడవలో రేవు దాటించి, ఆటోలో అవనిగడ్డ, అక్కణ్ణుంచి కారు మాట్లాడుకుని బెజవాడ. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు తమ్ముడు "అక్కా, బతుకుద్దా?" అన్నాడు. ఎవరి గురించి అడిగాడో నేను అడగలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బీపీ చూసి నర్సుల్ని కేకేసింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. నా అరచేతిలో పట్టేంత. గాజుపెట్టెలో పెట్టి గొట్టాలు తగిలించారు. తల్లికి రెండు రోజులు స్పృహ సరిగ్గా లేదు. మూడోరోజు డాక్టరమ్మ నన్ను పిలిచి ఏం నీళ్ళు తాగుతారని అడిగింది. చెప్పాను. నాలుగో వర సంగతితో సహా చెప్పాను. ఆవిడకది అక్కర్లేదు, అయినా చెప్పాను.

"నీళ్ళ వల్లే అని నేను అనలేనమ్మా. బీపీకి సవాలక్ష కారణాలుంటాయి. కానీ ఆ నీళ్ళు ఇంక ఈ అమ్మాయికి పొయ్యకండి. బిడ్డకి అసలే వద్దు. ఉప్పు పూర్తిగా బంద్."

కారణాలు సవాలక్ష ఉండొచ్చు. నాకు ఒకటి చాలు.

తమ్ముడు మధ్యలో పేటకి వెళ్ళి, మోటారు ఆపేద్దాం, కొన్ని వానాకాలాలు వదిలేస్తే మళ్ళీ తీపెక్కుతుందేమో అని చెప్పి చూశాడు. ఎవరూ ఒప్పుకోలేదు. "రాకపోతే ఆపుదాం. వత్తన్నయ్ గదా" అన్నారట. ఉప్పుగా ఉన్నాయంటే తాగి చూసి, "ఏదీ?" అన్నారట. క్యాన్లు తెచ్చే ఆటో రేవు అవతలే ఆగిపోతుంది, రోజూ పడవ ఎక్కించేది ఎవరు? వాడు పట్టుదలగా దిబ్బకి అన్నిటికన్నా ఎత్తయిన చోట పాత పద్ధతిలో మొలలోతు దొరువు తవ్వాడు. నీళ్ళు ఊరాయి. సీసాలో పట్టి నాకు తెచ్చాడు. రుచి చూసి చెప్పాలట. వాడి నాలుక మీద వాడికే నమ్మకం పోయింది. నేను చూశాను. అవీ ఉప్పే. మొలలోతుకి వచ్చేసింది. నేను చెప్పకముందే వాడికి నా మొహంలో తెలిసిపోయింది. ఆ సీసా తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మూడు వారాల తర్వాత బిడ్డనీ తల్లినీ ఇంటికి పంపించారు. ఇల్లంటే మా భవానీపురం ఇల్లు. బిడ్డ బతికింది. ఏడుపు ఇంకా పిల్లికూనలా సన్నగానే ఉంది గాని పాలు తాగుతోంది. నేను ఆ మూడు వారాలూ ఏ దేవుడికి ఏం మొక్కానో నాకే గుర్తులేదు. వాళ్ళని ఇంటికి తెచ్చిన రోజే పేట నుంచి వచ్చిన పెద్దమ్మ మంచం పక్కనుంచి కదలకుండా కూర్చునేది. మరదలికి పత్యం నేనే వండాను, చిటికెడు ఉప్పు కూడా లేకుండా. తాగడానికి కొత్త క్యాను మూత తీసి, అత్తాకోడళ్ళిద్దరికీ స్టీలు గ్లాసుల్లో పోసి ఇచ్చాను. ఇంక భయం లేదనుకున్నాను.

రెండోరోజు మధ్యాహ్నం కొట్టు కట్టేసి పైకి వచ్చేసరికి మరదలు వంటింట్లో నిలబడి ఉంది. కుట్లు ఆరని మనిషి, గోడ పట్టుకుని నడిచి వచ్చినట్టుంది. చేతిలో గ్లాసు. నా ఉప్పుడబ్బా మూత తీసి, మూడు వేళ్ళకి వచ్చినంత ఉప్పు తీసి గ్లాసులో వేసి, వేలితో తిప్పుతోంది.

నేను వెళ్ళి గ్లాసు లాగేసి సింకులో పారబోశాను. నాకు కోపం ఆగలేదు. "చచ్చిపోతావే! డాక్టరమ్మ ఏం చెప్పింది? నీ బిడ్డ మొహం చూసైనా..."

ఆ పిల్ల గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "మీ నీళ్ళు సప్పగా ఉన్నయ్ వదినా. ఆసుపత్రిలోనూ ఇంతే. గొంతులోకి పోతన్నట్టే లేదు. తాగిన కొద్దీ దావం ఏత్తంది. ఒక్క గ్లాసు మనూరి నీళ్ళలాగా తాగనియ్యండి."

మాట సాయానికి పెద్దమ్మ వైపు తిరిగాను. మంచం పక్కన కింద కూర్చుని ఉంది, బిడ్డని ఒళ్ళో పెట్టుకుని. పొద్దున నేను పోసిచ్చిన గ్లాసు ఆమె ముందు నిండుగా అలాగే ఉంది. ఒక్క గుక్క కూడా తగ్గలేదు. ఆమె నా కళ్ళలోకి చూడకుండా, ఆ గ్లాసుని నేలమీదే మెల్లగా నా వైపు జరిపింది.

"నాక్కూడా రెండు రాళ్ళేసియ్యవే" అంది.